పికప్ ట్రక్కు రోజువారీ వాడకానికి పనికొస్తుందా? కొనేముందు మీరే తేల్చుకునే పద్ధతి

నా పికప్‌ని మిర్చి యార్డు గేటు దగ్గర ఆపినా, పెళ్లి పందిరి ముందు ఆపినా ఎవరో ఒకరు వచ్చి వెనక తొట్టి మీద చెయ్యేసి అదే మాట అడుగుతారు: "రోజూ తిరగడానికి ఇది పనికొస్తుందా అండీ? కారు అమ్మేసి ఇది తీసుకోవచ్చా?" నిలబడి చెబితే పది నిమిషాల్లో తేలే సంగతి కాదిది. పైగా నా సమాధానం మీకు సరిపోదు. నా ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, పొలం ప్రత్తిపాడు దారిలో. ఇంట్లో డెబ్బై దాటిన అమ్మ, ఇద్దరు పిల్లలు. మీ లెక్క వేరు. అందుకని మీ సందులో, మీ మనుషులతో, మీ బరువుతో మీరే తేల్చుకునే పద్ధతి రాస్తున్నాను. దీనికి ఒక వారం చిట్టా, రెండు టెస్ట్ డ్రైవులు, ఒక కాటా చీటీ కావాలి. లక్షలు పోసి కొనే బండికి ఆ మాత్రం తిరగాల్సిందే.

నేను చెప్పే పికప్ అంటే ఐదుగురు కూర్చునే క్యాబిన్, దాని వెనక విడిగా తొట్టి ఉన్న బండి. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, టయోటా హైలక్స్ ఈ తరహావి. వీ-క్రాస్ తయారయ్యేది మన శ్రీసిటీలోనే. బొలేరో పికప్, టాటా యోధా లాంటివి అచ్చంగా సరుకు బళ్లు. వాటిని చూసే కొలతలు వేరు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- 30 అడుగుల టేపు
- రెండు దోసిళ్ల ముగ్గుపిండి, లేదా సుద్దముక్క
- చిన్న నోటు పుస్తకం, పెన్ను
- టైర్లలో గాలి చూసే గేజి
- ఆరు బస్తాలు, ఏవైనా సరే. యూరియా బస్తా 45 కిలోలు, సిమెంటు బస్తా 50 కిలోలు కాబట్టి లెక్క తేలిక
- బస్తాలు కట్టడానికి మంచి తాడు
- ఇంట్లో అందరికంటే పెద్దవారు ఒకరు. వారు లేకుండా టెస్ట్ డ్రైవుకి వెళ్లకండి

1. ఒక వారం చిట్టా రాయండి

సోమవారం నుంచి ఆదివారం దాకా ఇప్పుడున్న బండి ఎక్కడికెళ్లిందో, ఎన్ని కిలోమీటర్లో, ఎంతమంది ఎక్కారో, ఏం సామాను వేశారో రాయండి. చివర ఒక గడి అదనంగా పెట్టండి: "తొట్టి ఉంటే బాగుండేది" అనిపించిన ప్రయాణానికి అక్కడ టిక్కు.

నెలకు లెక్కేస్తే టిక్కులు నాలుగు దాటకపోతే మీకు పికప్ అక్కర్లేదని నా అభిప్రాయం. ఆ నాలుగు రోజులకీ ట్రాలీ ఆటోనో టాటా ఏస్‌నో మాట్లాడుకుంటే పనైపోతుంది, మిగతా ఇరవయ్యారు రోజులు మామూలు కారులో హాయిగా తిరగొచ్చు. పది దాటితే తర్వాతి మెట్టుకి వెళ్లండి. మధ్యలో ఉంటే ఇంకో వారం రాయండి. పంట కోతల వారం ఒక్కటే రాసి నిర్ణయించుకోవద్దు. మిరప కోతల నెలల్లో రోజూ టిక్కే పడుతుంది, ఆషాఢంలో ఒక్కటీ పడదు.

చాలామంది ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. "ఎప్పుడైనా అవసరమొస్తే" అన్నదాన్ని కూడా లెక్కలో వేసుకుంటారు. జరిగిన ప్రయాణం మాత్రమే రాయండి.

2. ఇంటి ముందు బండిని ముగ్గుతో గీయండి

షోరూంకి వెళ్లకముందే చేయాల్సిన పని ఇది. నేను చేయలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వీ-క్రాస్ పొడవు 5,332 మిల్లీమీటర్లు, హైలక్స్ 5,325. అంటే పదిహేడున్నర అడుగులు. ఇన్నోవా క్రిస్టా 4,735. మనం వాడే చిన్న కార్లు చాలావరకు 4,000 లోపే. అంటే డిజైర్ నిలబడే చోట పికప్ పెడితే నాలుగడుగులకు పైగా బయటికొస్తుంది. వెడల్పు అద్దాలు కలపకుండానే ఆరడుగులు దాటుతుంది.

బండి పెట్టే చోట టేపుతో కొలిచి ఈ నలుచదరం ముగ్గుపిండితో గీయండి. తర్వాత దానికి ఇవి కలపండి:

- రెండు పక్కలా అద్దాలకు అరడుగు చొప్పున
- డ్రైవరు వైపు తలుపు తెరిచి మనిషి దిగడానికి కనీసం రెండున్నర అడుగులు
- తొట్టి వెనక డోరు కిందికి దించడానికి దాదాపు రెండడుగులు, ఆ వెనక బస్తా పట్టుకుని మనిషి నిలబడటానికి ఇంకో రెండడుగులు

ఇప్పుడు గేటు మూసి చూడండి. గేటు ముగ్గు గీత మీదుగా వెళుతోందా? మెట్లకు దారి మిగిలిందా? తులసికోట దగ్గరికి వెళ్లగలరా? స్కూటరు ఎక్కడ పెడతారు?

మా పోర్టికో పదహారడుగులు. "ముందుకి కాస్త ఆనించి పెడితే సరిపోతుంది" అనుకుని బండి తెచ్చేశాను. గేటు మూతపడలేదు. నాలుగు నెలలు రెండు రెక్కలకూ మధ్య గొలుసు వేసి పడుకున్నాం. ఆ నాలుగు నెలలూ రాత్రిళ్లు ఏ చప్పుడైనా అమ్మ లేచి కిటికీ దగ్గరికి వచ్చేది. చివరికి గేటు పీకించి పక్కకి జరిగే గేటు పెట్టించుకున్నాం. పావు గంట టేపు పని చేసి ఉంటే ఇదంతా తప్పేది.

అపార్ట్‌మెంట్ వాళ్లకు ఇంకో మాట. కారు పార్కింగుకి మామూలుగా లెక్కపెట్టే స్థలం రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. పికప్ అందులోంచి అడుగు బయటికి పొడుచుకొస్తుంది. ఎదురు బండి తిరిగే దారిలో ఆ అడుగు ఉందంటే రోజూ గొడవే. మీ స్తంభాల మధ్య ఎడం, సెల్లారు ర్యాంపు దగ్గర దూలం ఎత్తు కూడా కొలవండి. బండి ఎత్తు ఒకటి ముప్పావు నుంచి రెండు మీటర్ల మధ్య ఉంటుంది. పైన క్యారియర్ పెట్టించాలనుకుంటే ఇంకో జానెడు కలుపుకోండి.

సందు కూడా కొలవండి. ఈ బళ్లు తిరగడానికి ఆరు మీటర్లకు పైగా వ్యాసార్థం కావాలి. అంటే రోడ్డు నలభై అడుగులకు మించి ఖాళీగా ఉంటే తప్ప ఒక్క తిప్పులో వెనక్కి తిరగవు. బ్రాడీపేటలో లైన్లూ అడ్డరోడ్లూ నిలువూ అడ్డంగా కోసుకుంటాయి కాబట్టి నాకు చుట్టూ తిరిగి వచ్చే వీలుంది. విజయవాడ వన్‌టౌన్‌లోనో, కొత్తపేట కొండ అంచు సందుల్లోనో ఇల్లున్నవాళ్లకు ఆ వీలుండదు. సందు మూల దగ్గర కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె, ఎవరో ఒకరు ఎప్పుడూ పెట్టే బైకు, ఇవన్నీ ఉన్నప్పుడే కొలవండి. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న సందు కొలిస్తే మోసపోతారు.

ముగ్గు గీతలో బండి పట్టకపోతే ఇక్కడితో ఆపేయండి. మిగతా మెట్లు చదవక్కర్లేదు.

3. బరువు లెక్క కాగితం మీద తేల్చండి

అందరూ తప్పుపడే చోటు ఇదే. బండి పెద్దదిగా ఉంది కాబట్టి బొలేరో పికప్ కంటే ఎక్కువ మోస్తుందనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. బొలేరో పికప్ టన్ను పైన మోయడానికే పుట్టింది. మన ఐదు సీట్ల పికప్ మోయగలిగేది అందులో చిన్న భాగం.

బ్రోషర్‌లో "పేలోడ్" (మోయగల బరువు) అని రాసిన అంకె ఒక్కటే పట్టుకోవద్దు. డెమో బండి ఆర్‌సీ అడిగి తీసుకోండి. అందులో ఖాళీ బండి బరువు ఒకటి, సరుకుతో సహా ఉండదగిన మొత్తం బరువు ఒకటి ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేయండి. మిగిలిందే మీ కోటా. గుర్తుంచుకోండి, ఆ కోటాలో మనుషులు కూడా ఉన్నారు.

లెక్క కోసం ఖాళీ బరువు 2,000 కిలోలు, మొత్తం 2,500 అనుకుందాం. కోటా 500. మనిషికి 65 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కితే 325 పోయింది. మిగిలింది 175. యూరియా బస్తాలు మూడు వేస్తే 135. నాలుగోది వేస్తే ఐదు కిలోలు దాటిపోతారు! ఇంటిల్లిపాదీ ఎక్కి, తొట్టి నిండా టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకుని యార్డుకి వెళ్లే బొమ్మ మనసులో ఉంటే దాన్ని ఇక్కడే చెరిపేయండి. ఒక్క డ్రైవరు మాత్రమే ఉంటే అదే బండి తొమ్మిది బస్తాలు మోస్తుంది.

కాగితం మీద తేలినదాన్ని కాటా మీద సరిచూసుకోండి. షోరూం వాళ్లు ఒప్పుకుంటే డెమో బండి, లేదంటే అదే మోడల్ వాడుతున్న తెలిసినవారి బండి తీసుకుని, డీజిల్ ట్యాంకు నింపి, వేబ్రిడ్జి మీద పెట్టి చీటీ తీసుకోండి. విజయవాడలో అయితే ఆటోనగర్‌లోనో గొల్లపూడి వైపో, గుంటూరులో యార్డు పరిసరాల్లోనో కాటాకి కొదవ లేదు. హైలక్స్ ట్యాంకు 80 లీటర్లు. నిండితే డీజిలే 65 కిలోల దాకా తూగుతుంది. ముందు ఇనుప బంపరు, తొట్టి మీద ఫైబరు కప్పు, అడుగున రబ్బరు మ్యాటు బిగించిన బండైతే ఆ బరువంతా మీ కోటాలోంచే పోయిందన్నమాట. చీటీలో పడ్డ బరువు ఆర్‌సీలో ఖాళీ బరువు కంటే ఎంత ఎక్కువుందో చూస్తే మీకే తెలుస్తుంది.

4. అమ్మను ఎక్కించండి

మొదటి టెస్ట్ డ్రైవు దీనితో మొదలుపెట్టండి, ఇంజన్ స్టార్ట్ చేయకముందే.

ఇంట్లో పెద్దవారిని రోజూ కట్టుకునే చీరలోనే, రోజూ వేసుకునే చెప్పులతోనే తీసుకెళ్లండి. వెనక తలుపు తెరిచి పక్కన నిలబడండి. చెయ్యి ఇవ్వకండి. వారు ఏం చేస్తారో చూడండి. మా అమ్మ మొదట ఎడమ చేత్తో సీటు అంచు పట్టుకుంది, కుడి కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టింది, చీర కుచ్చిళ్లు మడమ కింద పడ్డాయి, కాలు వెనక్కి తీసేసింది. తలుపు స్తంభానికి ఉన్న పిడి ఆమెకి కనిపించలేదు. అది చూపించాక, కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని రెండోసారి ఎక్కగలిగింది. దిగడం ఇంకా కష్టమైంది. ఫుట్‌బోర్డు అంచు పైనుంచి కనిపించదు, కాలితో తడుముకోవాలి.

మీరు చూడాల్సినవి: పిడి చేతికి అందే ఎత్తులో ఉందా, ఫుట్‌బోర్డు పాదమంతా పట్టే వెడల్పు ఉందా, తడిస్తే జారుతుందా. సీసాలో నీళ్లు తీసుకెళ్లి ఫుట్‌బోర్డు మీద పోసి చూడండి. సేల్స్ అబ్బాయి ఏమీ అనుకోడు.

తర్వాత వెనక సీటు. క్యాబిన్ గోడ వెనకే ఉంటుంది కాబట్టి ఈ బళ్లలో వెనక సీటు వీపు కాస్త నిటారుగా ఉంటుంది, వెనక్కి వాలదు. ఐదు నిమిషాలు కూర్చుంటే తేడా తెలియదు. వారిని అక్కడే కూర్చోబెట్టి అరగంట తిప్పాక "నడుము ఎలా ఉంది" అని అడగండి. హైదరాబాద్ 275 కిలోమీటర్ల దారి. అరగంటకే నడుము సర్దుకుంటున్నారంటే ఆ దారిలో ఏమవుతుందో ఊహించుకోండి.

5. ఖాళీ బండిని గతుకుల్లో తోలండి

షోరూం వాళ్లు తీసుకెళ్లే దారి నున్నటి హైవే అయి ఉంటుంది. వద్దనండి. వారానికి ఐదు రోజులు మీరు తిరిగే దారిలోనే తోలతానని చెప్పండి.

టెస్ట్ డ్రైవుకి ముందు గేజితో వెనక టైర్ల గాలి చూడండి. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఖాళీ బండికి ఎంత, లోడుకి ఎంత అని ఉంటుంది. లోడు గాలి నింపి ఖాళీగా తోలితే ఏ పికప్ అయినా ఎగిరెగిరి పడుతుంది. ఆ గాలితోనే తోలి బండి మంచిది కాదని వదిలేసినవాళ్లున్నారు. గాలి సరిచేయించాకే తోలండి.

వెనక కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు) బరువు మోయడానికి వేసినవి. తొట్టి ఖాళీగా ఉంటే అవి వంగవు, గతుకంతా నడుముకే వస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద 20 వేగంతో, తర్వాత 30తో వెళ్లండి. వెనక చక్రాలు దిగాక బండి ఒక్కసారి ఊగి ఆగిందా, రెండు మూడుసార్లు ఎగిరిందా అన్నది వెనక కూర్చున్నవారే చెప్పగలరు. వారి చేతిలో సగం నిండిన నీళ్ల గ్లాసు పెట్టండి. మాట కంటే గ్లాసు నిజం చెబుతుంది.

ట్రాఫిక్ పరీక్షకి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య వెళ్లండి. విజయవాడలో అయితే బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కకుండా కిందనుంచి, అక్కణ్నుంచి బందరు రోడ్డు మీదుగా కాళేశ్వరరావు మార్కెట్ దాకా. గుంటూరులో అరండల్‌పేట నుంచి పట్నం బజారు. ఎడమ పక్క బానెట్ అంచు మీకు కనిపిస్తోందా, పక్కన దూరే బైకు అద్దంలో పడుతోందా చూడండి. పికప్‌కి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య మూడు మీటర్ల పైచిలుకు దూరం. మూల తిరిగేటప్పుడు వెనక చక్రం లోపలికి కోసుకొస్తుంది. ఎడమ మూలన ఉన్న తోపుడు బండికి అదే తగులుతుంది.

హెచ్చరిక: వాన తొలి చినుకులప్పుడు ఖాళీ పికప్‌ని రింగులో వేగంగా తిప్పొద్దు. వెనక బరువు లేదు, తోసేది వెనక చక్రాలు. తోక జారుతుంది. రామవరప్పాడు రింగు దగ్గర ఒకసారి నాకు అలా అయింది. బండి దేనికీ తగల్లేదు కానీ ఆ రోజు నుంచి చినుకు పడితే 30 దాటను.

6. ఇప్పుడు బస్తాలు వేయండి

మూడు బస్తాలు వేసి అదే దారి, అదే స్పీడ్ బ్రేకర్, అదే గ్లాసు. 135 కిలోలకే నడక మెత్తబడటం మీకు స్పష్టంగా తెలుస్తుంది. మీ చిట్టాలో ఎక్కువ రోజులు తొట్టిలో ఏదో ఒకటి ఉంటుందంటే ఈ బండి మీకు బాగుంటుంది. ఎక్కువ రోజులు ఖాళీ అయితే ఐదో మెట్టులో పడ్డ కుదుపే మీ రోజువారీ జీవితం. దాన్ని బట్టే నిర్ణయించుకోండి.

తర్వాత ఆరూ వేసి, బ్రేకు చూడండి. ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, 40 నుంచి గట్టిగా. తాడు కట్టకుండా ఈ పని చేయొద్దు. బస్తా జారి క్యాబిన్ గోడని గుద్దుతుంది.

బస్తాలు మీరే ఎత్తండి, కూలీతో కాదు. తొట్టి అంచు నడుము ఎత్తు దాటి ఉంటుంది. టాటా ఏస్‌లో వేసినట్టు వేయడం కుదరదు. రోజూ రెండు నీళ్ల క్యాన్లు, ఒక గ్యాస్ బండ వేసుకు తిరిగే చిన్న హోటలు వాళ్లకు ఈ ఎత్తు ఒక్కటే చాలు, వద్దనుకోవడానికి. కిందపడ్డ చిన్న డబ్బా తీయాలంటే తొట్టిలోకి ఎక్కాలి. దానికి కాలు పెట్టే చోటు ఉందో లేదో చూసుకోండి.

7. ఘాటు, వాన, ఎండ

మిరపకాయ వేసేవాళ్లు ఇది తప్పక చూడాలి. బండి పోతుంటే క్యాబిన్ వెనక గాలి సుడి తిరుగుతుంది, తొట్టిలోని దుమ్ము అందులో లేస్తుంది. అద్దాలు దించి ఉంటే ఆ సుడి నేరుగా లోపలికొస్తుంది. మొదటి ఏడాది నాలుగు టిక్కీలు వేసి, పైన పట్టా కప్పకుండా, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాను. ఏటుకూరు దాటకముందే చిన్నవాడికి దగ్గు అందుకుంది, కళ్లు నీళ్లు కారిపోయాయి. బండి ఆపి వాడి ముఖం కడిగి, పట్టా కొనుక్కొచ్చి కప్పాకే కదిలాం. అప్పట్నుంచి మిరప ఉంటే పట్టా, అద్దాలు పైకి, ఏసీ లోపలి గాలి తిప్పే బటన్ మీద. పిల్లలు ఆ బండిలో ఉండరు.

ఏసీని మధ్యాహ్నం రెండింటికి చూడండి. గంటసేపు ఎండలో నిలబెట్టిన బండిలో ఎక్కి, వెనక సీటు చల్లబడటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. వెనక వాళ్లకు విడిగా గాలి వచ్చే వెంట్లున్నాయో లేదో మోడల్ని బట్టి మారుతుంది. పక్క మోడల్లో ఉన్నాయి కదా అని నమ్మకండి.

వాన విషయానికొస్తే, తొట్టి డిక్కీ కాదు. కూరగాయల సంచులు, పిల్లల స్కూలు బ్యాగులు, శుభలేఖల కట్టలు, ఏవైనా తడుస్తాయి. రెండు దారులున్నాయి. మడిచే రెక్సిన్ కప్పు చవక, తేలిక, కానీ దొంగకి బ్లేడు చాలు. గట్టి మూత తాళం పడుతుంది కానీ ఎత్తైన సామాను పట్టదు. ఏది బిగించినా సీసాడు నీళ్లు కాదు, బకెట్టు నీళ్లు పోసి మూలల్లో కారుతోందేమో చూడండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగాక, "నీళ్లలో పోతుందా" అని అడిగేవాళ్లు పెరిగారు. హైలక్స్‌కి 700 మిల్లీమీటర్ల లోతు దాకా అని కంపెనీ చెబుతుంది. అది నిలిచిన నీళ్లకు, మెల్లగా వెళితే. పారే నీళ్లలో మోకాలి లోతు కూడా బండిని పక్కకి నెట్టగలదు. గుంటూరు మూడు వంతెనల కింద నీళ్లు నిలిచినప్పుడు ముందు మనిషి నడిచి లోతు తెలిశాక తప్ప నేను దించను.

8. నాలుగు చక్రాల డ్రైవు కావాలా

హైలక్స్ అంతా ఫోర్ బై ఫోరే. వీ-క్రాస్‌లో రెండు చక్రాల రకం కూడా దొరుకుతుంది. పొలం నల్లరేగడి అయి, వానాకాలంలో గట్టు దాకా బండి పోవాల్సి ఉంటే తీసుకోండి. ఊళ్లో సిమెంటు రోడ్డు దాకానే అయితే ఆ డబ్బు మిగుల్చుకోండి.

పరీక్షించడానికి మట్టి దారి కావాలి. బురదలోనో వదులు మట్టిలోనో మీటను "ఫోర్ హై"కి (నాలుగు చక్రాలూ, మామూలు వేగం), బండి ఆపి "ఫోర్ లో"కి (నాలుగు చక్రాలూ, తక్కువ వేగం, ఎక్కువ లాగుడు) మార్చి, దీపం వెలిగి నిలకడగా ఉందా చూడండి. ఎండు తారు రోడ్డు మీద ఫోర్ హైలో తోలొద్దు. మలుపులో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరం తిరగాలి, ఆ తేడా పోయే దారి లేక గేర్లు బిగుసుకుంటాయి.

9. పొగ ఫిల్టరు సంగతి అడగండి

ఇప్పటి బీఎస్-6 డీజిల్ బళ్లన్నిటికీ పొగలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది వేడెక్కితేనే మసి కాలిపోతుంది. రోజూ విజయవాడలో పటమట నుంచి గవర్నరుపేట, మళ్లీ వెనక్కి, ఇంతే తిరిగితే వేడెక్కదు. మసి నిండి డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. పట్టించుకోకపోతే బండి బలం తగ్గించుకుంటుంది, బిల్లు పెద్దదవుతుంది.

మీ చిట్టా తీసి చూడండి. వారంలో ఒక్కసారైనా ఆపకుండా అరగంట హైవే మీద తోలారా? విజయవాడ నుంచి గుంటూరు ముప్పై అయిదు కిలోమీటర్ల దారి చాలు. అదీ లేకపోతే డీజిల్ పికప్ మీ వాడకానికి తగదు. దీపం వెలిగినప్పుడు ఏం చేయాలో మాన్యువల్లో ఏ పేజీలో ఉందో షోరూంలోనే చూపించమనండి.

మైలేజీని తెర మీద చూపే అంకెతో లెక్కించొద్దు. అదే మోడల్ వాడేవారిని పట్టుకుని, బంకులో నిండా పోయించి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ నిండా పోయించి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించమనండి. సిటీ ఎంత, హైవే ఎంత అని విడిగా అడగండి.

10. కాగితాలు

తెల్ల ప్లేటా, పసుపు ప్లేటా అన్నది బుకింగ్ ఫారం మీద రాయించుకోండి. కొన్ని పికప్‌లు సొంత వాహనంగా, కొన్ని రవాణా వాహనంగా రిజిస్టరవుతాయి. పసుపు ప్లేటయితే కొత్త బండికి మొదట రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. తెల్ల ప్లేటు బండిలో కిరాయికి సరుకు తోలి ప్రమాదమైతే బీమా క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. లైసెన్సు గురించి బెంగ అక్కర్లేదు: 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

ఫాస్టాగ్ ఏ తరగతిలో ఇచ్చారో డెలివరీ రోజే చూసుకోండి. కారు, జీపు, వ్యాన్ తరగతి రేటు వేరు, ఎల్‌సీవీ (తేలికపాటి సరుకు బండి) రేటు వేరు. కాజ టోల్ గేటు వారానికి నాలుగుసార్లు దాటేవాళ్లకు ఆ తేడా ఏడాదికి చిన్నది కాదు.

ముందు బుల్ బార్ (బంపరు ముందు బిగించే ఇనుప గొట్టాల చట్రం) ఉచితంగా ఇస్తామంటే వద్దనండి. అవి తీయించమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఎయిర్‌బ్యాగు సమయానికి తెరుచుకోకుండా అడ్డుపడుతుంది, ఎదురుగా నడిచేవాడికి దెబ్బ ఎక్కువ తగులుతుంది. తొట్టిలో మనుషుల్ని ఎక్కించడం కూడా అంతే. ఊరేగింపయినా, కూలీలయినా వద్దు.

11. పాతది కొంటుంటే

పై మెట్లన్నీ చేశాక ఇంకో గంట బండి కింద గడపండి. మన చుట్టుపక్కల దొరికే పాత పికప్‌లలో కైకలూరు, భీమవరం వైపు చేపలకీ రొయ్యలకీ తిరిగినవి ఉంటాయి. ఐసు కరిగిన నీళ్లు, ఉప్పు నీళ్లు తొట్టి కీళ్లలో నిలిచి లోపలినుంచి తింటాయి. పైన కొత్త రంగు మెరుస్తూనే ఉంటుంది. అడుగు మ్యాటు లేపించండి. తొట్టి మూలల్లో వేలితో నొక్కండి. రంగు పొంగి పొక్కులా ఉంటే అక్కడ తుప్పుంది. ఛాసిస్ దూలాల మీద కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే ఎందుకు పూశారో అడగండి. కమాను కట్టలు రెండు పక్కలా ఒకే వంపులో ఉన్నాయా, ఒకటి చదునుగా సాగిపోయిందా చూడండి. సాగిందంటే ఓవర్‌లోడు మోసిన బండి. ఎండలో ఏసీ పెట్టి తలుపులు మూసి పది నిమిషాలు కూర్చుంటే చేపల వాసన బయటపడుతుంది.

12. చివరిగా, రాత్రి ఎనిమిది తర్వాత

రెండో టెస్ట్ డ్రైవు రాత్రికి పెట్టుకోండి. సందులో అందరి బళ్లూ వచ్చి చేరాక, వీధి దీపం ఎంత ఉంటే అంత వెలుతురులో, బండిని వెనక్కి తిప్పి మీ గేట్లోకి పెట్టండి. మీరు ఒకసారి, ఇంట్లో బండి తోలేవారు ఇంకెవరున్నా వారు ఒకసారి. మా ఆవిడ తోలదు అనకండి. అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్లాల్సి వస్తే తోలాల్సింది ఆవిడే కావచ్చు.

వెనక కెమెరా మీద నీటి చుక్క పడినా, దుమ్ము పట్టినా ఏమీ కనిపించదు కాబట్టి ఒకసారి దాని మీద టేపు ముక్క అంటించి, అద్దాలతోనే పెట్టి చూడండి. మూడుసార్లు ముందుకూ వెనక్కూ కదిపేలోపు బండి లోపలికి వెళ్లిందంటే రోజూ పెట్టగలరు. ఆరుసార్లు పట్టిందంటే నెల తిరక్కుండానే బండి వీధిలో వదిలేస్తారు. పెట్టాక దిగి, తలుపు గోడకి తగలకుండా తెరుచుకుందా, ముగ్గు గీతలో బండి నిలిచిందా చూడండి. అప్పుడు గేటు మూసి గడియ పెట్టండి. గడియ పడితే మర్నాడు ఉదయం అడ్వాన్సు కట్టండి.